తుఫాను తర్వాత కరెంటు ఎన్నాళ్లకు వస్తుందో ముందే చెప్పగలరా?

బారువ అమ్మాయి
అక్టోబర్ 3, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మాది సోంపేట మండలం, బారువ దగ్గర ఊరు. అక్టోబర్ వచ్చిందంటే మా ఇంట్లో టీవీ వార్తల మీదే ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, నాన్న టార్చిలైటు బ్యాటరీలు తెప్పిస్తారు, అమ్మ బిందెలన్నీ తోమి నింపేస్తుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబర్‌లోనే వచ్చాయి మరి.

నేను అడిగేది గాలి గురించి కాదు. గాలి సంగతి వాతావరణ శాఖ బాగానే చెబుతోంది. తిత్లీ గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుందని ముందే చెప్పారు, అలాగే అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. కానీ ఆ తర్వాత కరెంటు ఎన్నాళ్లు ఉండదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాన్నకు డయాలసిస్ జరుగుతోంది. తిత్లీ వచ్చేనాటికి మొదలుపెట్టి ఆరు నెలలు. ఫోన్లు పనిచేయడం లేదని తమ్ముడు సైకిల్ మీద సబ్‌స్టేషన్‌కి వెళ్లాడు. దారిలో చెట్లు అడ్డం పడినచోట సైకిల్ భుజాన వేసుకుని దాటాడు. అక్కడున్నాయన "సాయంత్రానికి వచ్చేస్తుంది బాబూ" అన్నాడట. మర్నాడు వెళ్తే "రేపు". ఆ మర్నాడూ "రేపే". మేం ఆ మాట పట్టుకుని ఇంట్లోనే ఉండిపోయాం. మోటారు లేదు, నీళ్లు లేవు, మేం వెళ్లే సెంటర్లో జనరేటర్ ఉన్నా దాంట్లోకి డీజిల్ దొరకడం కష్టమైంది. నాలుగో రోజుకి నాన్న కాళ్లు వాచాయి. అమ్మ బొటనవేలితో నొక్కి చూసేది. గుంట పడి అలాగే ఉండిపోయేది. ఐదో రోజు తెలిసినవాళ్ల జీపులో శ్రీకాకుళం తీసుకెళ్లాం. మా ఇంటికి కరెంటు తొమ్మిదో రోజు రాత్రి వచ్చింది.

మొదటి రోజే ఎవరైనా "వారం దాకా రాదమ్మా" అని ఉంటే ఆ పూటే పిన్ని వాళ్లింటికి బయల్దేరేవాళ్లం. అమెరికాలో హరికేన్ వచ్చాక కరెంటు ఎన్ని రోజులకు వస్తుందో లెక్క కట్టి చెబుతారని విన్నాను. అది నిజమేనా? మన దగ్గర అలా చెప్పడం కుదురుతుందా?


కవిటి కొబ్బరితోట
అక్టోబర్ 3, ఉదయం 8:02

అమ్మా, మీ బాధ చదివితే మాకు ఆ రోజులే గుర్తొచ్చాయి. మావి రెండెకరాల కొబ్బరి, ఎకరం జీడి. తెల్లారి చూస్తే తోటలో ఆకాశం కనిపించింది, అంతకుముందు ఎప్పుడూ కనిపించేది కాదు.

అంచనా కుదరదని నా అభిప్రాయం. మా వీధికి ఆరో రోజు వచ్చింది, ఫర్లాంగు దూరంలో ఉన్న మా అన్నయ్య వాళ్ల వీధికి పదకొండో రోజు. అదే ఊరు, అదే గాలి. దీన్ని ఏ లెక్క చెప్పగలదు?


పాత లైన్‌మన్
అక్టోబర్ 3, మధ్యాహ్నం 1:35

నేను చీపురుపల్లి వైపు పనిచేసి రిటైరైన లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. తిత్లీకి మా గ్యాంగ్‌ని మందస వైపు పంపారు. ఆ అమ్మాయి అడిగినదానికి, కొబ్బరితోట గారు అన్నదానికి కలిపి చెబుతాను.

తల్లీ, "సాయంత్రానికి వస్తుంది" అన్నాయన మీతో అబద్ధం ఆడలేదు. ఆయనకీ తెలియదు. సబ్‌స్టేషన్‌లో కూర్చున్న మనిషికి తన దగ్గర మీటరు ముల్లు మాత్రమే కనిపిస్తుంది. పైనుంచి 33 కేవీ, అంటే 33 వేల వోల్టుల లైను వస్తే తను 11 కేవీ ఫీడర్లు, అంటే ఊళ్ల వైపు వెళ్లే లైన్లు, ఎక్కించగలడు, అంతే. ఆ ఫీడర్ మీద ఎన్ని స్తంభాలు పడ్డాయో కాలినడకన లైను వెంట తిరిగి చూసేదాకా ఎవరికీ తెలియదు. తిత్లీ తర్వాత మొదటి రెండు రోజులు మేం చేసిన పని ఎక్కువగా అదే, నడవడం. రోడ్డు మీద పడిన మానులు కోసుకుంటూ వెళ్లడం.

కరెంటు తెచ్చేటప్పుడు ఒక వరస ఉంటుంది. ముందు 220, 132 కేవీ పెద్ద లైన్లు. తర్వాత 33 కేవీ, సబ్‌స్టేషన్. తర్వాత 11 కేవీ ఫీడర్. అందులో కూడా ఆసుపత్రి, మంచినీళ్ల పథకం, సెల్ టవర్లు ఉన్న లైను ముందు. ఆ తర్వాత ఊరి ట్రాన్స్‌ఫార్మర్, దాని కింద ఎల్‌టీ లైను, అంటే ఇళ్ల మధ్య వెళ్లే తక్కువ వోల్టేజీ లైను, చివరికి మీ ఇంటి సర్వీసు వైరు. ఒక 33 కేవీ లైను సరిచేస్తే వేల ఇళ్లకు దారి తెరుచుకుంటుంది. చివర్లో మిగిలే ఎల్‌టీ లైను ఒక రోజంతా కష్టపడి నిలబెట్టినా పాతిక ఇళ్లే వెలుగుతాయి. అందుకే ఫర్లాంగు తేడాలో ఐదు రోజుల తేడా వస్తుంది. కొబ్బరితోట గారూ, మీ అన్నయ్య గారిది వేరే ట్రాన్స్‌ఫార్మర్ అయి ఉంటుంది, బహుశా ఫీడరే వేరు.

స్తంభం పాతడం ఎంత పనో చెబుతాను. 11 కేవీకి వాడే సిమెంటు స్తంభం 9.1 మీటర్లు. అందులో ఆరో వంతు, అంటే సుమారు మీటరున్నర, నేలలో ఉండాలి. ఉద్దానం తీరంలో, అంటే కవిటి, సోంపేట వైపు, అది ఇసుక. మూడడుగులు తవ్వేసరికి పక్కలు జారి గుంట నిండిపోయేది, నీరు ఊరేది. సిమెంటు గోనెల్లో ఇసుక నింపి గుంట చుట్టూ పేర్చి, ఒకడు లోపల మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి తట్టతో ఎత్తిపోస్తుంటే ఇంకొకడు తవ్వేవాడు. క్రేను రాని తోటల్లో పన్నెండు మంది తాళ్లు కట్టి లేపాం. అలాంటి నేలలో చేత్తో పనిచేస్తే ఒక గ్యాంగ్ రోజుకు ఎనిమిది స్తంభాలు నిలిపితే గొప్ప. ఇది నా అనుభవం, పుస్తకంలో లెక్క కాదు.

ఇంకొకటి. మేం స్తంభం ఎక్కేముందు ఎల్‌సీ, అంటే లైను ఆపి పనిచేయడానికి అనుమతి తీసుకుని, స్తంభం మీద లైనుని విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, లైనుకి రెండు పక్కలా ఎర్త్ రాడ్లు తగిలించాకే చెయ్యి వేస్తాం. ఎవరైనా ఇంట్లో జనరేటర్ పెట్టుకుని మెయిన్ ఆపకుండా నడిపితే ఆ కరెంటు సర్వీసు వైరు గుండా వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో పెరిగి 11 వేల వోల్టులై మా మీదకి వస్తుంది. దయచేసి అందరూ గుర్తుంచుకోండి. జనరేటర్ నడిపేముందు మెయిన్ ఆపండి.


రాజాం టు హ్యూస్టన్
అక్టోబర్ 3, రాత్రి 9:48

సొంతూరు రాజాం, ఉంటున్నది టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో. అక్కడ లెక్క కట్టి చెబుతారన్నది నిజమే, కానీ మనం దూరం నుంచి ఊహించుకున్నంత గొప్పగా లేదు.

2024 జూలై 8న బెరిల్ హరికేన్ వచ్చింది. తీరం దాటేటప్పుడు దాని గాలి గంటకు 130 కిలోమీటర్లు, అంటే మన తిత్లీ 140-150 కంటే తక్కువే. అయినా ఒక్క హ్యూస్టన్ ప్రాంతంలోనే 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. బయట మండిపోయే ఎండ, ఉక్క. మా ఇంట్లో పసిబిడ్డ. ఏ వీధికి ఉంది, ఏ వీధికి లేదు అని చూపించే మ్యాపు ఆ సమయంలో అందుబాటులో లేదు. జనం ఏం చేశారంటే, ఊరంతా దుకాణాలున్న వాటాబర్గర్ అనే తిండి దుకాణం యాప్ తెరిచారు. ఏ శాఖ తెరిచి ఉంటే ఆ చుట్టుపక్కల కరెంటు ఉన్నట్టు. నేనూ అలాగే చూసి, కరెంటున్న వైపు ఒక స్నేహితుడింటికి పిల్లాణ్ణి తీసుకుని వెళ్లాను.

సాధారణంగా అక్కడ చేసేది మూడు మెట్లు. గాలి తగ్గాక మొదటి ఒకటి రెండు రోజులు నష్టం ఎంతో చూస్తారు. అప్పటిదాకా తేదీ చెప్పరు, లేదా మొత్తం ప్రాంతానికి కలిపి ఒకటే తేదీ చెబుతారు. తర్వాత పేటలవారీగా, చివరికి ఇంటి ఇంటికీ. గాలి గంటకు 55-60 కిలోమీటర్లు దాటి వీస్తుంటే బకెట్ లిఫ్టుల్లో మనుషుల్ని పైకి పంపరు. కాబట్టి గాలి ఆగేదాకా గడియారమే మొదలవ్వదు.


లెక్కల మాస్టారు, విజయనగరం
అక్టోబర్ 4, ఉదయం 6:20

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. ఈ చర్చ చూసి రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పాల్సినది చాలా ఉంది, విసుగనుకోకండి.

కరెంటు ఎన్నాళ్లు ఉండదన్న లెక్కకు, జబ్బుపడ్డ మనిషి ఎన్నాళ్లు బతుకుతాడని వైద్యశాస్త్రంలో కట్టే లెక్కకు గణితం ఒకటే. "ఒక సంఘటన జరిగేదాకా ఎంత కాలం" అన్నదే రెండింటిలోనూ ప్రశ్న. 2007లో రేచల్ డేవిడ్‌సన్, ఆమె సహచరులు అమెరికాలో హరికేన్లు, మంచు తుఫానుల తర్వాత కరెంటు తిరిగొచ్చే కాలాన్ని ఈ పద్ధతిలోనే అంచనా కట్టారు. 2011లో రోష్నక్ నటేఘి, సేత్ గికెమా, స్టీవెన్ క్వైరింగ్ ఇలాంటి పద్ధతులు ఐదింటిని పక్కపక్కన పెట్టి పరీక్షించారు. వాటిలో చాలా నిర్ణయ వృక్షాలను, అంటే అవును-కాదు ప్రశ్నలతో కొమ్మలుగా చీలే లెక్కలను, కలిపి లెక్కించే బార్ట్ అనే పద్ధతి తక్కువ తప్పులు చేసింది.

ఇందులోకి ఏం వెళ్తుంది? గాలి గరిష్ఠ వేగం ఒక్కటే కాదు. గంటకు 70 కిలోమీటర్ల పైన గాలి ఎన్ని గంటలు వీచిందన్నది కూడా ముఖ్యం. ముందు నెలల్లో పడిన వాన, నేల తడి, చెట్లు ఎంత దట్టంగా ఉన్నాయి, ఆ ప్రాంతంలో ఎన్ని స్తంభాలు, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు, ఎంతమంది వినియోగదారులు. గాలి తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వంద కిలోమీటర్ల గాలికంటే 140 కిలోమీటర్ల గాలి దాదాపు రెండింతలు తోస్తుంది. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటినప్పుడు గాలి 75-85 మాత్రమే. తిత్లీతో పోలిస్తే తోపుడు మూడో వంతు కూడా ఉండదు. రెండింటినీ "తుఫాను" అన్న ఒక్క మాటతో పిలుస్తాం గానీ స్తంభానికి ఆ రెండూ ఒకటి కావు.

ఇక అమ్మాయి అడిగిన అసలు ప్రశ్న. కరెంటు తిరిగొచ్చే తీరు గ్రాఫు గీస్తే మొదట నిటారుగా లేచి, చివర తోకలా చాలా దూరం సాగుతుంది. మూడు రోజుల్లో పదిలో ఏడిళ్లకు వచ్చిందనుకోండి, మిగిలిన మూడిళ్లకు ఇంకో వారం పట్టొచ్చు. అందుకే "సగటున నాలుగు రోజులు" అంటే ఎవరికీ పనికిరాదు. ముందు వచ్చేవాళ్లకు రెండో రోజే వచ్చేస్తుంది, తోకలో ఉన్నవాళ్లు నాలుగో రోజు ఎదురుచూసి మోసపోతారు. బారువ అమ్మాయి వాళ్లు ఆ తోకలో ఉన్నారు.


భోగాపురం రొయ్యలు
అక్టోబర్ 4, ఉదయం 9:15

మాస్టారూ, మీ రోజుల లెక్క మాకు సరిపోదు. మాకు గంటల లెక్క కావాలి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రొయ్యలు పైకొచ్చి గట్టు పక్కన తేలతాయి. అప్పటికి చేసేదేమీ ఉండదు.

గులాబ్ రాత్రి నేను జనరేటర్‌లో డీజిల్ చూసుకుంటూ కూర్చున్నాను. రెండు డ్రమ్ములు ఉన్నాయి. అన్ని ఏరియేటర్లూ నడిపితే తెల్లారేదాకా వస్తుంది. సగం నడిపితే రెండు రాత్రులు. కరెంటు మర్నాడు వస్తుందా, మూడు రోజులకా అన్నది తెలియక సగమే నడిపాను. ఒక చెరువు పోయింది. మర్నాడు మధ్యాహ్నానికి కరెంటు వచ్చేసింది. ముందే తెలిసుంటే అన్నీ నడిపేవాణ్ణి.


లెక్కల మాస్టారు, విజయనగరం
అక్టోబర్ 4, ఉదయం 10:05

మీరు చెప్పినదే నాకు ఇప్పటిదాకా తట్టని విషయం. అమ్మాయికి "ఎప్పటిదాకా రాదు" అన్నది కావాలి. మీకు "ఆలస్యమైనా ఎప్పటికల్లా వచ్చేస్తుంది" అన్నది కావాలి. ఒక్క తేదీ చెబితే ఇద్దరికీ పనికిరాదు. రెండు తేదీలు కావాలి. ఫలానా రోజుకి ముందు రాదు, ఫలానా రోజు దాటి ఆగదు. రెండోది చెప్పడం కష్టం. మొదటిది చెప్పడం మాత్రం అంత కష్టం కాదనిపిస్తోంది. లైన్‌మన్ గారు ఏమంటారు?


పాత లైన్‌మన్
అక్టోబర్ 4, సాయంత్రం 4:40

మాస్టారు గారూ, బాగా పట్టుకున్నారు. ఎప్పుడొస్తుందో చెప్పమంటే మేం దేవుణ్ణి చూపిస్తాం. ఎప్పటిదాకా రాదో చెప్పమంటే మాలో ఎవరైనా చెప్పగలరు. లైను వెంట ఒక్కసారి నడిస్తే చాలు.

ఉదాహరణకి మీ 11 కేవీ ఫీడర్ మీద 60 స్తంభాలు పడ్డాయనుకోండి. రెండు గ్యాంగులు ఉన్నాయి. రోజుకు ఎనిమిది చొప్పున పదహారు. అంటే స్తంభాలు నిలపడానికే దాదాపు నాలుగు రోజులు. ముందు నడకకీ చెట్లు కోయడానికీ ఒక రోజు, తర్వాత తీగ లాగి ఇన్సులేటర్లకి కట్టి, తీగల్ని కలిపే జంపర్లు వేయడానికి ఇంకో రోజు. ఆరు రోజులకు ముందు రాదు. ఇది కూడా పైన 33 కేవీ నిలబడి ఉంటేనే. గ్యాంగులు పక్క జిల్లాల నుంచి రావాలంటే, హైవే మీద చెట్లు తీసేదాకా లారీలో స్తంభాలే రావు. ఇంకో రోజు కలుపుకోండి.

ఈ మాట మొదటి రోజు సాయంత్రం చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు.


టెక్కలి కుర్రాడు
అక్టోబర్ 4, రాత్రి 8:30

అందరికీ గౌరవంతో ఒక మాట. "ఆరు రోజులు రాదు" అని మైకులో చెబితే జనం ఊరుకుంటారా? తిత్లీ అప్పుడు నీళ్లు లేక రోడ్డు మీద కూర్చున్నవాళ్లని నేను చూశాను. వాళ్ల బాధ న్యాయమైనదే. అందుకే అధికారులు చిన్న తేదీ చెబుతారు. పెద్ద తేదీ చెబితే వాళ్ల ఊరికే ముందు చేయమని ఇంకా ఒత్తిడి వస్తుంది. దానివల్ల గట్టిగా అరిచిన ఊరికి ముందు, నోరులేని ఊరికి ఆఖరున అవుతుంది కదా?


పాత లైన్‌మన్
అక్టోబర్ 4, రాత్రి 9:12

బాబూ, నువ్వన్న ఒత్తిడి నిజమే. కానీ నేను చూసినది ఇది. మందస దగ్గర ఒక ఊళ్లో మమ్మల్ని చుట్టుముట్టారు, ట్రాక్టర్ కదలనివ్వలేదు. ఒక పెద్దావిడ వచ్చి "బాబూ, నిజంగా ఎన్నాళ్లో చెప్పు, నా కోడలు బాలింత" అంది. మా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు కుర్రాడే, ధైర్యం చేసి "అమ్మా, ఐదు రోజుల లోపు కాదు" అన్నాడు. అరగంట గోల జరిగింది. తర్వాత ఆ ఊరివాళ్లే రెండు ట్రాక్టర్లు పెట్టి బాలింతల్నీ ముసలివాళ్లనీ పంపేశారు. మిగిలిన మగవాళ్లు మాతో కలిసి గుంతలు తవ్వారు. మర్నాటి నుంచి మమ్మల్ని ఎవరూ ఆపలేదు. రోజూ "రేపు" అని చెప్పిన ఊళ్లలోనే గొడవలు ఆగలేదు.


రాజాం టు హ్యూస్టన్
అక్టోబర్ 4, రాత్రి 11:20

లైన్‌మన్ గారు "పైన నిలబడి ఉంటేనే" అన్నారు చూడండి, అమెరికాలో పెద్ద లెక్కలు తప్పింది అక్కడే. 2021 ఆగస్టు 29న ఐడా హరికేన్‌కి న్యూ ఆర్లీన్స్ నగరానికి కరెంటు తెచ్చే ఎనిమిది ట్రాన్స్‌మిషన్ లైన్లూ ఒకేసారి పోయాయి. మిసిసిపీ నది ఒడ్డున ఒక టవర్ కూలింది. ఊళ్లో స్తంభం పడని వీధికి కూడా కరెంటు లేదు. 2017 సెప్టెంబర్ 20న మారియా వచ్చినప్పుడు ప్యూర్టోరికో దీవి మొత్తం గ్రిడ్డే పోయింది. దాదాపు అందరికీ తిరిగి రావడానికి 11 నెలలు పట్టింది. అది దీవి కాబట్టి స్తంభాలూ మనుషులూ ఓడల్లో, విమానాల్లో రావాలి. గ్రిడ్ అప్పటికే పాతబడి ఉంది. గాలి వేగం చూసి వేసే ఏ అంచనాకీ అది అందదు.

కాబట్టి ముందు అడగాల్సింది "132 కేవీ ఉందా" అని.


కవిటి కొబ్బరితోట
అక్టోబర్ 5, ఉదయం 6:50

నేను మొదట కుదరదన్నాను. ఇప్పుడు కొంచెం మెత్తబడ్డాను. కానీ చెట్ల విషయంలో అమెరికా లెక్క ఇక్కడ అతుక్కోదు. కొబ్బరి చెట్టు గాలికి ఊగుతుంది, మొవ్వు విరుగుతుంది, ఒక్కోసారి మాను మధ్యకి విరిగి తీగ మీద పడుతుంది. జీడి అలా కాదు. వెడల్పుగా కొమ్మలు పరుచుకుని ఉంటుంది, ఇసుక నేలలో వేళ్లతో సహా పక్కకి ఒరిగి నాలుగైదు తీగల్ని కిందికి ఈడుస్తుంది. ఆ కొమ్మల్లోంచి తీగ విడదీయడానికే పూట పడుతుంది. ఉద్దానానికి లెక్క కడితే జీడితోటల గుండా ఎన్ని స్తంభాలు వెళ్తున్నాయో వేరుగా రాయాలి. ఆ పని మా రైతులం చేయగలం, ఏ తోట ఎవరిదో మాకు తెలుసు.


లెక్కల మాస్టారు, విజయనగరం
అక్టోబర్ 5, ఉదయం 7:25

ఇదే మన దగ్గర లేని డేటా. తిత్లీలో ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏ రోజు ఎన్ని గంటలకు కరెంటు వచ్చిందో ఊరివాళ్లు కాగితం మీద రాసుకుని ఉంటే, ఒక్క మండలానికైనా ఈపాటికి లెక్క కట్టేవాణ్ణి. ఈసారి వస్తే రాయండి. ఊరు, ట్రాన్స్‌ఫార్మర్, పోయిన సమయం, వచ్చిన సమయం, పడిన స్తంభాలు. ఐదు గడులు చాలు.

మామూలు రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని గడువు ఉంది. విపత్తుకి ఆ గడువు వర్తించదు. గడువు లేనప్పుడైనా అంచనా ఉండాలి కదా, అదీ లేకపోవడమే నన్ను బాధిస్తోంది. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు రుణంతో భూగర్భ కేబుళ్లు వేశారు, మంచి పని. కవిటి జీడితోటల కింద కేబుల్ వచ్చేదాకా మనకు కనీసం తేదీ చెప్పాలి.


పలాస నర్సు
అక్టోబర్ 5, మధ్యాహ్నం 2:15

బారువ చెల్లెమ్మా, నేను కిడ్నీ పేషెంట్ల వార్డులో పనిచేస్తాను. నీ పోస్టు చూసినప్పటి నుంచి రాయాలనుకుంటున్నాను, డ్యూటీ వల్ల కుదరలేదు.

డయాలసిస్‌కి కరెంటు ఒక్కటే చాలదు. నాలుగు గంటల సెషన్‌లో మిషను గుండా సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు పోతాయి. ఆ నీటి ప్లాంటుకి కరెంటు, బోరుకి కరెంటు. జనరేటర్ ఉన్నా అన్నీ కలిపి లాగలేక ఒక్కో షిఫ్టు తగ్గుతుంది. కాబట్టి నీ ఇంటికి కరెంటు ఎప్పుడన్నది ఒక ప్రశ్న, సెంటర్‌కి ఎప్పుడన్నది వేరే ప్రశ్న. సెంటర్ పట్నంలో ఉంటుంది, ముందు వరసలో ఉంటుంది, సాధారణంగా మీకంటే ముందే వస్తుంది. మీరు సెంటర్ దాకా చేరగలరా అన్నది చూసుకోండి.

తుఫాను తీరం దాటడానికి 48 గంటల ముందు వాతావరణ శాఖ హెచ్చరిక ఇస్తుంది. అది వినగానే సెంటర్‌కి ఫోన్ చేసి, నాన్నగారి సెషన్ ముందుకి జరపమని అడుగు. జరిపినా జరపకపోయినా అడగడం తప్పు కాదు. జరిపితే రెండు మూడు రోజులు కలిసొస్తాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. తిత్లీ తర్వాత తాగునీళ్లు లేక ఊరంతా పడిన కొబ్బరి బొండాలు కొట్టుకుని తాగారు. మామూలు మనిషికి అది మేలే. డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్లు ప్రమాదం, అందులో పొటాషియం ఎక్కువ. సెషన్ తప్పిపోయి ఉన్న మనిషి రెండు బొండాలు తాగితే గుండె లయ తప్పొచ్చు. అరటిపండు కూడా వద్దు. అమెరికాలో డయాలసిస్ పేషెంట్లకు ఇలాంటి రోజుల కోసమే మూడు రోజుల తిండి పట్టిక ముందే ఇచ్చి ఉంచుతారు. నీళ్లు, ఉప్పు, పొటాషియం బాగా తగ్గించి. మీ డాక్టరు గారిని అడిగి నాన్నగారి బరువుకి తగ్గట్టు అలాంటిది రాయించుకో. గోడకి అంటించి పెట్టు.


బారువ అమ్మాయి
అక్టోబర్ 5, రాత్రి 8:55

అక్కా, కొబ్బరినీళ్ల సంగతి చదివి ఒక్క క్షణం చేతులు చల్లబడ్డాయి. తిత్లీ రెండో రోజు నాన్నకి నేనే బొండం కొట్టి ఇచ్చాను. ఒంట్లో నీరసం తగ్గుతుందనుకున్నాను. మీరు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. అమ్మకి చదివి వినిపించాను. మాట్లాడకుండా లోపలికి వెళ్లింది.

బాబాయ్ గారూ, మీరు చెప్పిన లెక్క మా ఇంటికి ఎలా కట్టుకోవాలి? ముందే ఏం చూసి ఉంచుకోవాలి?


పాత లైన్‌మన్
అక్టోబర్ 5, రాత్రి 9:30

చెబుతాను తల్లీ. మీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లు. దాని నిర్మాణం మీదో పక్క స్తంభం మీదో పెయింటుతో నంబరు రాసి ఉంటుంది, రాసుకో. మీ లైన్‌మన్‌ని అడిగి ఫీడర్ పేరు, ఏ సబ్‌స్టేషన్ నుంచి వస్తుందో తెలుసుకో. మీ ఊరికి ముందు ఏబీ స్విచ్ ఎక్కడుందో కూడా. ఆ స్విచ్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఎన్ని స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ ఇంటిదాకా ఎన్ని, లెక్కపెట్టి ఉంచు. తుఫాను వెళ్లాక తీగ దగ్గరికి మాత్రం వెళ్లకు, తెగిన తీగలో కరెంటు లేదని ఎవరు చెప్పినా నమ్మకు. రోడ్డు మీంచి దూరంగా చూసి పడినవి లెక్కపెట్టు. తర్వాత 1912కి గానీ, సెక్షన్ ఆఫీసుకి గానీ చెప్పేటప్పుడు "మా ఊళ్లో కరెంటు లేదు" అనకు. "ఫలానా ఫీడర్, ఫలానా ట్రాన్స్‌ఫార్మర్, స్విచ్ తర్వాత ఇన్ని స్తంభాలు పడ్డాయి" అని చెప్పు. మా నడక ఒక పూట తగ్గుతుంది. నీ మాట రాసుకుంటారు.

తర్వాత మూడు అడుగు. 132 ఉందా? మా సబ్‌స్టేషన్‌కి 33 వచ్చిందా? మా ఫీడర్‌కి ఎన్ని గ్యాంగులు? మొదటి రెండింటిలో ఒకటి "లేదు" అంటే, ఆ రోజు సాయంత్రమే నాన్నగారిని బయల్దేరదీయి.


బారువ అమ్మాయి
అక్టోబర్ 8, సాయంత్రం 6:10

ఆదివారం తమ్ముడూ నేనూ వెళ్లి చూశాం. ఏబీ స్విచ్ రైల్వే గేటు అవతల ఉంది. అక్కడి నుంచి మా ట్రాన్స్‌ఫార్మర్‌కి 41 స్తంభాలు. అందులో 17 జీడితోటల్లోంచి వెళ్తున్నాయి, కొబ్బరితోట గారు చెప్పినట్టే వేరుగా రాశాను. రెండు ఇప్పటికే ఒరిగి ఉన్నాయి, వాటి ఫొటో తీసి సెక్షన్ ఆఫీసులో ఇచ్చాం, రాసుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మా ఇంటికి తొమ్మిది. మొత్తం 50.

సగం పడితే 25. ఒక్క గ్యాంగే వస్తే మూడు రోజుల పైన, నడకకీ తీగకీ ఇంకో రెండు. ఐదు రోజులకు ముందు రాదు. నాన్నకి వారానికి రెండు సెషన్లు, అంటే ఒకటి తప్పనిసరిగా తప్పుతుంది. కాబట్టి తీవ్ర తుఫాను అని 48 గంటల హెచ్చరిక వచ్చిన రోజే శ్రీకాకుళం వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నాం. పిన్నికి చెప్పాను. నాన్న ఒప్పుకోలేదు, ఆవుని ఎవరు చూస్తారని. ఆవుని తమ్ముడు చూస్తాడని రాయించుకున్నాకే సరేనన్నారు.

మాస్టారూ, మీ ఐదు గడుల కాగితం పది కాపీలు తీయించాను. రేషన్ డిపో దగ్గర ఇస్తున్నాను.


పాత లైన్‌మన్
అక్టోబర్ 8, రాత్రి 7:45

బాగా చేశావు తల్లీ. ఒక్కటి సరిచూసుకో. మీ ఇంటికి తొమ్మిది స్తంభాలన్నావు. చివరి మూడు నాలుగింటి మీద తీగలు ఎన్నున్నాయో చూడు. ముందున్నవాటి కంటే తక్కువ ఉంటే అది చీలిక లైను. అలాంటిదాన్ని మేం ఎప్పుడూ చివరనే చేస్తాం, దానికి ఇంకో రోజు కలుపుకో.


బారువ అమ్మాయి
అక్టోబర్ 9, ఉదయం 6:40

చూశాను బాబాయ్ గారూ. ఆరో స్తంభం దాకా ఐదు తీగలు, తర్వాత రెండే. ఆరు రోజులని మార్చి రాశాను.